ఎగుమతి బెండలో పురుగుమందు తగ్గించడం ఎలా: కొనేవారిని, మందు అమ్మేవారిని కలుపుకొని చేయాల్సిన పని

ఐరోపా దేశాలకు వెళ్లే కూరగాయల్లో, విడిగా పరిమితి నిర్ణయించని ఏ పురుగుమందు అవశేషమైనా కిలోకు 0.01 మిల్లీగ్రాము మించకూడదు. ఈ అంకె చదివితే ఏమీ అర్థం కాదు, లెక్క వేస్తే తెలుస్తుంది: వంద టన్నుల బెండకాయల్లో ఒక్క గ్రాము. పక్క చేలో పత్తికి కొట్టిన మందు గాలివాటుకు వచ్చి పడినా, నిన్న పత్తికి వాడిన పంపును సరిగా కడగకుండా ఇవాళ బెండకు ఎత్తినా ఆ గీత దాటిపోవచ్చు.

కాబట్టి ‘రైతులు మందులు విచక్షణతో వాడాలి’ అని చెప్పి ఊరుకునే సలహాలతో పని జరగదు. మందు కొట్టేది రైతే. ఏది కొట్టాలో, ఎప్పుడు కొట్టాలో తేల్చేది మాత్రం చాలాసార్లు ఇతరులు. కాయ మీద గోటి గీతంత మచ్చ ఉన్నా పక్కన పడేసే గ్రేడింగ్ బల్ల ఒకటి. అరువు ఖాతా నడిపే మందుల దుకాణం ఇంకొకటి. రోజు విడిచి రోజు లారీ పంపి, కోత ఆగితే ఫోను మీద ఫోను చేసే కొనుగోలుదారు మూడోది. వీరందరూ ఒకచోట కూర్చోకుండా మందు తగ్గదు. కూర్చున్నప్పుడు తేలాల్సిన అసలు మాట ఒక్కటే: మందు కొట్టిన తర్వాత కోత ఆపిన రోజుల నష్టం ఎవరు భరిస్తారు?

ఈ వ్యాసం రైతు ఉత్పత్తిదారుల సంస్థ నడుపుతున్నవారి కోసం, లేదా ఊళ్లో పాతిక మందిని కూడగట్టి ఎగుమతి కంపెనీకి బెండ పెట్టాలనుకుంటున్నవారి కోసం. ఉదాహరణలన్నీ బెండ మీదే ఇస్తున్నాను, అక్కడక్కడ పచ్చిమిర్చి వస్తుంది. కాకర, వంగ వేసేవారు కూడా పురుగుల పేర్లు మార్చుకుని ఇదే దారిలో వెళ్లవచ్చు.

మొదటి అడుగు: ఏ దేశానికో తేల్చుకుని మందుల జాబితా రాయండి

‘ఎగుమతి’ అన్న మాట దగ్గర ఆగిపోవద్దు. దుబాయికా, లండన్‌కా, జర్మనీకా అన్నది ముందే తెలియాలి, ఎందుకంటే పరిమితులు దేశానికొకటి. గల్ఫ్ అయితే చూసీ చూడనట్టు పోతారన్న భ్రమ కొందరికి ఇంకా ఉంది. 2014లో సౌదీ అరేబియా మన పచ్చిమిర్చి దిగుమతిని ఆపేసింది పురుగుమందు అవశేషాల కారణంగానే. ఐరోపా సమాఖ్య 2019లో తెచ్చిన నిబంధన కింద అదనపు తనిఖీల జాబితాలో మన బెండ, కరివేపాకు చోటు చేసుకున్నాయి. ఆ జాబితాలో ఉన్న పంటను మామూలుగా కంటే ఎక్కువసార్లు ఆపి నమూనా తీస్తారు.

చట్టం ఒక ఎత్తు, దుకాణం ఇంకో ఎత్తు. జర్మనీలో కొన్ని సూపర్‌మార్కెట్లు చట్టం అనుమతించిన గరిష్ఠ పరిమితిలో మూడో వంతుకు మించితే తీసుకోమంటాయి. ఒకే సరుకులో ఎన్ని రకాల మందుల ఆనవాళ్లు ఉండవచ్చో కూడా అవే నిర్ణయిస్తాయి. మీ కంపెనీ సరుకు చివరికి ఏ దుకాణానికి చేరుతుందో అడగండి. చెప్పడానికి తటపటాయిస్తే కనీసం ఆ దుకాణం షరతుల కాగితం అడగండి.

ఇప్పుడు ఒక పెద్ద కాగితం మీద నాలుగు గడులు గీయండి. మొదటి గడిలో మందు పేరు రాయాలి. వ్యాపార నామం కాదు, సీసా మీద చిన్న అక్షరాల్లో ఉండే రసాయనం పేరు. రెండో గడిలో ఆ మందుకు మన కేంద్ర క్రిమిసంహారక మందుల బోర్డు ఈ పంట మీద అనుమతి ఇచ్చిందా లేదా. మూడో గడిలో సరుకు వెళ్లే దేశం పరిమితి. నాలుగో గడిలో మందు కొట్టాక కోతకు ఎన్ని రోజులు ఆగాలో.

రెండో గడికీ మూడో గడికీ పొంతన కుదరని చోటే ప్రమాదమంతా ఉంది. ఫిప్రోనిల్ సంగతి చూడండి. మిర్చి మీద తామర పురుగుకు మన దేశంలో దానికి అనుమతి ఉంది, దుకాణంలో దొరుకుతుంది, రైతు తప్పేమీ చేయడం లేదు. ఐరోపాలో దాని పరిమితి కిలోకు 0.005 మిల్లీగ్రాము, అంటే పైన చెప్పిన గీతలో సగం. క్లోర్‌పైరిఫాస్‌కు 2020లో అక్కడ అనుమతి రద్దయింది, ఆ ఏడాది చివర్లో పరిమితిని 0.01కి దించేశారు. ఇలాంటివన్నీ జాబితాలో ఎర్ర సిరాతో ఉండాలి. మన దగ్గరే నిషేధించినవి, అంటే 2020 డిసెంబర్ 31తో ఆగిపోయిన ట్రయజోఫాస్, ఫోరేట్, డైక్లోర్‌వాస్ వంటివి, పాత నిల్వల్లో ఇంకా కనిపించవచ్చు. కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ వాడకూడదన్న నిషేధం 2005 నాటిది.

నాలుగో గడి దగ్గర ఇంకో మెలిక ఉంది. ఎమామెక్టిన్ బెంజోయేట్ 5 శాతం గుళికల మందు తీసుకోండి. లేబుల్ ప్రకారం బెండకు ఐదు రోజులు, మిర్చికి మూడు రోజులు ఆగాలి. ఆ రోజులు మన దేశపు పరిమితిని దృష్టిలో పెట్టుకుని నిర్ణయించినవి. కొనే దేశం పరిమితి అంతకంటే తక్కువైతే లేబుల్ రోజులు చాలవు. ఎన్ని రోజులు ఆగాలో కంపెనీయే పరీక్షలు చేయించి చెప్పాలి, దాన్ని ‘ఎగుమతి విరామం’ అని విడిగా రాయించండి. చెప్పలేకపోతే ఆ మందును జాబితాలోంచి కొట్టేయండి.

ఐరోపా సమాఖ్య పురుగుమందుల డేటాబేస్ ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు, పంట పేరు, మందు పేరు ఇస్తే పరిమితి వస్తుంది. ఏ దేశపు ఏ సరుకును ఎందుకు ఆపారో చెప్పే హెచ్చరికల వ్యవస్థ, ఆర్‌ఏఎస్‌ఎఫ్‌ఎఫ్, కూడా అందరికీ తెరిచే ఉంటుంది. డిగ్రీ చదివే పిల్లలు ఇంట్లో ఉంటే గంట పని. గత రెండేళ్లలో మన బెండను ఏ మందు కోసం తిప్పి పంపారో చూస్తే మీ జాబితాలో మొదట ఏది ఎర్రబారాలో తెలిసిపోతుంది. పరిమితులు మారుతూ ఉంటాయి కాబట్టి జాబితా పైన తేదీ తప్పనిసరి. తేదీ లేని జాబితాను దుకాణంలో గోడకు అంటించనివ్వకండి.

రెండో అడుగు: విత్తనం వేయకముందే కూర్చోండి

ఇదే అన్నిటికంటే కష్టమైన పని. అందుకే చాలామంది దీన్ని వదిలేసి నేరుగా పురుగులు అంటుకునే జిగురు అట్టల దగ్గరికి పోతారు.

బెండ విత్తిన 40, 45 రోజులకు కోత మొదలవుతుంది. అక్కడి నుంచి రోజు విడిచి రోజు కోయాల్సిందే, ఆలస్యమైతే కాయ ముదిరి పీచు పడుతుంది. ఐదు రోజులు ఆగాల్సిన మందు కొట్టారంటే రెండు మూడు కోతలు పోయినట్టే. ఎకరానికి కోతకు రెండు క్వింటాళ్లు, కిలో పాతిక రూపాయలు అనుకుందాం. కోతకు ఐదు వేలు, రెండు కోతలకు పది వేలు. ముదిరిన కాయను చెట్టు మీద వదిలితే కొత్త పూత తగ్గుతుంది, కాబట్టి కూలి పెట్టి కోసి పారేయాలి. ఆ ఖర్చు అదనం. ఈ పది వేలూ రైతు నెత్తినే పడతాయన్నప్పుడు ఆయన ఏం చేస్తాడు? రెండో రోజే కోస్తాడు. పుస్తకంలో ఏమీ రాయడు. ఇందులో మోసం కంటే లెక్కే ఎక్కువ. ఆ లెక్కను మార్చేది కాగితం మీద ఒప్పందమే, శిక్షణ శిబిరాలు కాదు.

ఒప్పందంలో నేను పట్టుబట్టమనేవి ఇవి.

విరామ రోజుల పరిహారం. అధీకృత వ్యక్తి చీటీ రాసి (ఈ చీటీ సంగతి ఐదో అడుగులో వస్తుంది) మందు కొట్టించినప్పుడు పోయిన కోతలకు కంపెనీ ఎంతో కొంత చెల్లించాలి. సగం ధర అయినా సరే. డబ్బుగా ఇవ్వలేమంటే సీజన్ మొత్తానికి కిలోకు రూపాయో రెండు రూపాయలో పక్కన పెట్టి ఉమ్మడి నిధి చేయమనండి. నిధిలో సంస్థ వాటా, కంపెనీ వాటా ఎంతెంతో ముందే రాసుకోవాలి. చీటీ లేకుండా కొట్టినవారికి పరిహారం లేదు. చీటీ వ్యవస్థను నిలబెట్టేది ఈ ఒక్క నిబంధనే.

మచ్చల సంగతి. పచ్చదోమ కుట్టిన కాయ, పురుగు గీరి వదిలేసిన కాయ తినడానికి ఇబ్బంది లేదు, చూడడానికి బాగుండదు, అంతే. వందకు ఎన్ని కాయల దాకా ఇలాంటివి ఒప్పుకుంటారో అడగండి. ‘సున్నా’ అన్నారంటే ఆ కంపెనీ మిమ్మల్ని మందు కొట్టమంటున్నట్టే లెక్క, ఆ మాట మొహం మీదే అనండి. రెండో రకానికి వేరే ధర పెట్టించండి. దేశీయ సూపర్‌మార్కెట్‌కో, ముక్కలు కోసి శీతలీకరించే కర్మాగారానికో ఆ రకం వెళ్లవచ్చు. ఒక్క విషయంలో మాత్రం రాజీ ఉండదు. కాయలో బతికున్న పురుగు కనపడకూడదు. 2014 మే 1 నుంచి ఐరోపా సమాఖ్య మన మామిడితోపాటు వంకాయ, కాకర, పొట్ల, చేమ దిగుమతులను కొంతకాలం ఆపింది మందు అవశేషాల వల్ల కాదు, పండు ఈగలాంటి పురుగుల వల్ల. మందు ఎక్కువైనా తిప్పి పంపుతారు, పురుగు ఉన్నా తిప్పి పంపుతారు. ఈ రెంటి మధ్య దారి వెతకడమే మన పని.

తిరస్కరించిన సరుకు. విమానాశ్రయంలోనో అవతలి రేవులోనో ఆపేస్తే నష్టం ఎవరిది? ఏ మడి సరుకో పెట్టె మీద గుర్తు ఉండి, ఆ మడి రైతు చీటీ లేకుండా మందు వాడాడని తేలితే ఆయనది. గుర్తే లేకుండా అందరి కాయా కలిపేసింది కాయ ఏరి పెట్టెల్లో సర్దే ప్యాక్‌హౌస్ అయితే ప్యాక్‌హౌస్‌ది. ఇది రాయించుకోకపోతే నష్టాన్ని పాతిక మందికీ పంచుతారు. నికార్సుగా ఉన్నవాడు వచ్చే ఏడాది మీతో ఉండడు.

ఇంకో మాట, కొందరికి రుచించదు. మందు ఎక్కువై ఎగుమతికి పనికిరాని కాయను ‘లోకల్‌కు వేసేయండి’ అనే అలవాటు మన దగ్గర బాగా ఉంది. బోయిన్‌పల్లి మార్కెట్‌కో, పక్క ఊరి సంతకో వెళ్లే ఆ కాయ తినేది మన పిల్లలే. విరామ రోజుల్లో కోసిన కాయను కంపోస్టు గుంతలో వేయాలని ఒప్పందంలోనే రాయండి. పరిహారం ఉంటే ఇది సాధ్యం, లేకపోతే ఉత్త ఉపదేశం.

కంపెనీలు ఇంత దిగివస్తాయా అని అనుమానం రావచ్చు. ఊరగాయకు వాడే చిన్న కీరదోస, గెర్కిన్, మన పక్కనే ఉన్న ఉదాహరణ. 1990ల్లో కర్ణాటకలో మొదలై తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు పాకింది. మన కుప్పం ప్రాంత రైతులకు బాగా తెలిసిన పంట. 2020–21లో మన దేశం నుంచి 2,23,515 టన్నుల కీర, గెర్కిన్ వెళ్లింది, విలువ 22.3 కోట్ల డాలర్లు. అప్పటి లెక్కల్లో దాదాపు 90,000 మంది చిన్న, సన్నకారు రైతులు 65,000 ఎకరాల్లో ఒప్పంద పద్ధతిలోనే పండిస్తున్నారు. విత్తనం, మందులు, సలహా కంపెనీయే ఇస్తుంది. అంటే ఏ మందు చేనిలోకి వెళ్లాలన్నది వాళ్ల చేతుల్లోనే ఉంటుంది. ఆ పద్ధతిలో ధర విషయంలో రైతు నోరు నొక్కుకుపోవడం లాంటి లోపాలున్నాయి, కాదనను. మందుల మీద అదుపు కావాలంటే మాత్రం సరఫరా చేసేవారు, కొనేవారు ఒక తాటి మీదికి రావాలన్నది అక్కడ కళ్లకు కడుతుంది.

మూడో అడుగు: మడి, విత్తే సమయం

ఇక్కడ ఎక్కువ చెప్పేది లేదు. పత్తి చేను పక్కన ఎగుమతి బెండ వేయవద్దు. తప్పకపోతే చుట్టూ మూడు నాలుగు వరసలు జొన్న లేదా మొక్కజొన్న దగ్గర దగ్గరగా వేయండి, బెండ కంటే పదిహేను ఇరవై రోజుల ముందే విత్తితే అడ్డుగా ఎదుగుతుంది. తెల్లదోమ రాకను కొంత ఆపుతుంది, పక్క చేను మందునూ కొంత అడ్డుకుంటుంది. పక్క చేను రైతును కూడా సమావేశానికి పిలవండి. గాలి మీ వైపు వీచేటప్పుడు మందు కొట్టవద్దని ఆయన్ను అడగాల్సింది మీరే.

పల్లాకు తెగులును తట్టుకునే రకాన్ని ఎంచుకోండి. విత్తనశుద్ధి మందు కూడా జాబితాలోకి వస్తుందని మరవవద్దు. ఊళ్లో అందరూ పది పన్నెండు రోజుల తేడాలో విత్తాలి, అయిపోయిన పాత బెండను పీకి పారేయాలి. ఒక మడి ముదురుతూ, ఇంకొకటి మొలుస్తూ ఉంటే దోమకు ఏడాదంతా విందు.

నాలుగో అడుగు: తేదీ చూసి కాదు, ఆకు చూసి

‘వారానికో మందు’ అనే క్యాలెండర్‌ను తీసేయాలంటే దాని స్థానంలో ఒక మనిషి కావాలి. పాతిక ముప్పై ఎకరాలకు ఒకరు చొప్పున చేను చూసేవారిని పెట్టుకోండి, జీతం సంస్థ, కంపెనీ చెరిసగం. ఊళ్లోనే ఉండే ఆడపిల్లలు ఈ పని బాగా చేస్తారు. మందుల దుకాణంతో బంధుత్వం లేనివారైతే ఇంకా మంచిది.

వారానికి రెండుసార్లు, ఎండ ఎక్కకముందు చేనులో దిగాలి. అడ్డదిడ్డంగా నడుస్తూ ఐదు చోట్ల, చోటుకు నాలుగు మొక్కల చొప్పున చూడాలి. మొక్క పైనుంచి మూడో ఆకును వేలితో మెల్లగా పైకి లేపి అడుగు భాగం చూడండి. ఈనెల వెంట లేత ఆకుపచ్చ పిల్ల పురుగులు కనిపిస్తాయి, నీడ పడగానే పీతలా పక్కకు నడుస్తాయి, అవి పచ్చదోమ పిల్లలు. ఆకు కదిలించగానే తెల్లటి రేణువుల్లా లేచి మళ్లీ వాలేవి తెల్లదోమ. ఆకు అంచులు పసుపెక్కి పైకి ముడుచుకున్నాయంటే పచ్చదోమను మీరు ఆలస్యంగా చూశారన్నమాట. లేత మొవ్వు వాడి వేలాడుతుంటే దాన్ని చీల్చి చూడండి, లోపల పురుగు, దాని మలం ఉంటాయి. రంధ్రం కింద వరకు తుంచి సంచిలో వేసుకుని బయటికి తీసుకెళ్లి కాల్చాలి. గట్టు మీద పడేస్తే పురుగు సాయంత్రానికి తిరిగి చేనులోకి వస్తుంది. పుచ్చు కాయలదీ అదే దారి.

లెక్క పెట్టేటప్పుడు శత్రువులనే కాదు, మిత్రులనూ రాయాలి. అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగు, సాలీళ్లు ఎన్ని ఉన్నాయో పుస్తకంలో ఒక వరస పెట్టండి. దోమ కొంచెం ఎక్కువగా ఉన్నా మిత్ర పురుగులు బాగా ఉంటే మూడు రోజులు ఆగి మళ్లీ చూడవచ్చు. ఏ పురుగు ఎంత దాటితే చర్య తీసుకోవాలన్న అంకెలు మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రం నుంచి రాతపూర్వకంగా తెచ్చుకోండి. రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఈ పరిశీలన మీద, మిత్ర పురుగులను పొలం దగ్గరే పెంచుకోవడం మీద శిక్షణ ఇస్తుంది. చేను చూసేవారిని ముందు అక్కడికి పంపండి.

ఇక సాధనాలు. తెల్లదోమకు, పచ్చదోమకు పసుపు జిగురు అట్టలు, మిర్చిలో తామర పురుగుకు నీలం అట్టలు. 2021లో నల్ల తామర పురుగు తెలుగు రాష్ట్రాల మిర్చి మీద పడినప్పుడు ఉన్న మందులన్నీ కొట్టినా పూత రాలడం ఆగని చేలు ఎన్నో. మందును పెంచుతూ పోవడం ఎందుకు పనికిరాదో చెప్పడానికి ఆ ఒక్క సీజన్ చాలు. కాయతొలుచు పురుగుకు లింగాకర్షక బుట్టలు, అంటే ఆడ పురుగు వాసనతో మగ పురుగులను రప్పించి పట్టేవి. పురుగు గుడ్లను నాశనం చేసే బుల్లి కందిరీగ, ట్రైకోగ్రామా, కార్డులు ఎకరానికి యాభై వేల గుడ్ల చొప్పున వారం వారం పెట్టండి. సాయంత్రం పూట, ఆకు అడుగున పిన్ను కొట్టాలి. ఎండలో పెడితే ఎండిపోతాయి, చీమలు పట్టినా అంతే. కార్డు పెట్టిన తర్వాత రసాయన మందు కొడితే కార్డు డబ్బు మట్టిపాలు.

వేపగింజల కషాయం పాత మాటే కానీ పని చేస్తుంది, ముఖ్యంగా దోమ చిన్నగా ఉన్నప్పుడు. ఐదు కిలోల గింజల పొడిని గుడ్డలో కట్టి రాత్రంతా నానబెట్టి, బాగా పిండి, వంద లీటర్ల నీటికి సరిపెట్టి, కొంచెం సబ్బు పొడి కలిపి సాయంత్రం పూట కొట్టాలి. గింజలు ఎండాకాలంలోనే ఏరించి నిల్వ పెట్టుకోవాలి. ఆగస్టులో వెతికితే దొరికేది బూజు పట్టిన గింజలే. ఉమ్మడి ఖమ్మం జిల్లా పునుకులలో 2000ల తొలి ఏళ్లలో ఊరు ఊరంతా పురుగుమందులు మానేసినప్పుడు ఇలాంటి సాదా సాధనాలే వాడారు. ఆ తర్వాత స్వయం సహాయక సంఘాల ద్వారా ఉమ్మడి రాష్ట్రంలో పాకిన, పురుగుమందులు లేని సాగు పద్ధతికి అదే పునాది.

ఇక్కడే ఒక హెచ్చరిక. ‘బయో’ అని రాసి ఉన్న ప్రతి సీసా బయో కాదు. రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా, ‘వృక్ష సారం’ అన్న పేరుతో అమ్మే వాటిలో రసాయన మందు కలుపుతున్నట్టు పదే పదే బయటపడింది. కొట్టిన మర్నాడే పురుగు రాలిపోతే సంతోషించకండి, అనుమానించండి. సమూహమంతటికీ ఒకే చోట కొనండి, ఒక్కో లాట్ నుంచి ఒక సీసాను కాయ కంటే ముందు ప్రయోగశాలకు పంపండి. దీనికి కంపెనీ ఎప్పుడూ బేరమాడదు, ఎందుకంటే ఒక్క సీసా పరీక్ష ఖర్చు, తిరిగొచ్చిన ఒక్క సరుకు నష్టం ముందు లెక్కలోకి రాదు.

ఐరోపా రైతులు మాత్రం ఎలా చేశారని ఎవరైనా అడిగితే స్పెయిన్‌లోని అల్మెరియా కథ చెప్పండి. 2006 చివర్లో అక్కడి కూరమిరపలో అనుమతి లేని ఐసోఫెన్‌ఫాస్ మిథైల్ అనే మందు జర్మనీలో బయటపడింది. కొనేవారు మొహం చాటేశారు. ఆ తర్వాత ఒకటి రెండు సీజన్లలోనే అక్కడి మిరప పాలీహౌస్‌లలో అత్యధికం మిత్ర పురుగుల మీదికి మారిపోయాయి. తామర పురుగును, తెల్లదోమను తినే నల్లిజాతి జీవి అంతకు ఏడాది ముందే మార్కెట్లోకి వచ్చి ఉంది. సాధనం అందుబాటులో ఉంది, కొనేవారు గట్టిగా నిలబడ్డారు, రైతులు సహకార సంఘాల్లో ఉన్నారు. మూడూ కలిశాయి కాబట్టే అంత వేగం.

ఐదో అడుగు: కొట్టక తప్పని రోజు

ఆ రోజు వస్తుంది. రాదని చెప్పేవారి మాట నమ్మకండి. ముసురు పట్టి నాలుగు రోజులు చేనులో దిగలేకపోతే దోమ పరిస్థితి చేయి దాటిపోతుంది.

అప్పుడు రైతు నేరుగా దుకాణానికి వెళ్లి, ‘అన్నా, పురుగు ఆగడం లేదు, గట్టిది ఏదైనా ఇవ్వు’ అనకూడదు. ఆ మాటకు జవాబుగా మూడు సీసాలు వస్తాయి. ఒకటి పురుగుకు, ఒకటి తెగులుకు, ఒకటి ‘గ్రోత్’కు. ధర సీజన్ చివర్లో చూసుకుందామంటారు. బదులుగా చేను చూసినవారు లెక్క చూపాలి, కంపెనీ ఫీల్డ్ ఆఫీసర్, సంస్థ ప్రతినిధి ఇద్దరూ సంతకం చేసిన చీటీ ఇవ్వాలి. మడి నంబరు, మందు, మోతాదు, మళ్లీ కోసే తేదీ అందులో ఉండాలి. చీటీ తీసుకుని వెళ్తేనే దుకాణదారు మందు ఇస్తాడు.

దుకాణదారు ఎందుకు ఒప్పుకుంటాడు? ఆయన్ను విలన్‌గా చూస్తే ఒప్పుకోడు. సమూహం మొత్తం జిగురు అట్టలు, బుట్టలు, వేపనూనె, విత్తనం ఆయన దగ్గరే కొంటుందని, బాకీ సంస్థ ఖాతా నుంచి నెలనెలా వస్తుందని చెప్పండి. వసూలు కాని అరువు కంటే అదే ఆయనకు మేలు. ఇంతా చెప్పినా వినకపోతే ఊరికి ఇంకో దుకాణం ఉంటుంది, లేదా సంస్థే లైసెన్సు తీసుకోవచ్చు.

ఎగుమతి మడులకు విడి పంపు ఉండాలి. తైవాన్ పంపు ఊరంతా తిరుగుతుంది. దాని ట్యాంకులో, గొట్టంలో, నాజిల్‌లో పత్తి మందు మిగిలే ఉంటుంది. పాతిక మందికి రెండు పంపులు కొని తాళం వేసి పెట్టండి, పెద్ద ఖర్చు కాదు. కొట్టేవారికి చేతి తొడుగులు, మాస్కు కూడా ఆ గదిలోనే ఉండాలి.

మందు కొట్టిన మడి గట్టు మీద ఎర్ర గుడ్డ కట్టండి, దాని మీద కోత తేదీ రాయండి. అదే సమాచారం సాయంత్రంలోగా ప్యాక్‌హౌస్‌కు ఫోనులో చేరాలి, ఆ మడి నంబరు పెట్టె వస్తే గేటు దగ్గరే ఆపేయాలి. కోత కూలీలకు చదువు రాకపోయినా ఎర్ర గుడ్డ అర్థమవుతుంది.

ఆరో అడుగు: కోతకు ముందే పరీక్ష

బెండ ఉదయం కోస్తే రాత్రికి విమానం ఎక్కాలి. ప్రయోగశాల ఫలితానికి కొన్ని రోజులు పడుతుంది. కాబట్టి పెట్టెలో ఉన్న కాయను పరీక్షించి పంపడం కుదరదు, చేనును పరీక్షించాలి. మొదటి కోతకు వారం ముందు ఒకసారి, ఆ తర్వాత చీటీ మీద మందు కొట్టిన ప్రతిసారీ విరామం ముగిశాక నమూనా తీయించండి. నమూనా తీశాక కొట్టిన మందుకు ఆ రిపోర్టు సాక్ష్యం కాదు. ఈ చిన్న సంగతి మరిచి పాత రిపోర్టు జత చేసి సరుకు పంపేవారున్నారు.

నమూనాను రైతు తీయకూడదు, కంపెనీ మనిషి ఒక్కడే తీయకూడదు. ప్రయోగశాలలకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు, ఎన్‌ఏబీఎల్, గుర్తింపు ఉన్న ప్రయోగశాల సిబ్బంది తీస్తే మేలు. మడి మధ్యలోంచి, అంచుల్లోంచి, పత్తి చేను వైపు నుంచి కలిపి కిలో కాయ తీసి, రెండు భాగాలు చేసి ఒకటి సీలు వేసి సంస్థ దగ్గర శీతలంలో ఉంచండి. తర్వాత తగాదా వస్తే అదే అక్కరకు వస్తుంది. ఏ ఏ మందులకు పరీక్ష చేయాలో ముందే అడగండి. రెండు మూడు మందులకే చేసిన చవక రిపోర్టుతో ఐరోపా గుమ్మం దాటలేరు.

‘కడిగితే పోతుందిగా’ అనేవారికి: మొక్క లోపలికి పాకే అంతర్వాహిక మందు కడిగితే పోదు.

ప్యాక్‌హౌస్‌లో మడి నంబరు చీటీ పెట్టెను వదలకూడదు. ద్రాక్షకు కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా 2006లో తెచ్చిన గ్రేప్‌నెట్‌తో ప్రతి తోటకూ నంబరు, ప్రతి పెట్టెకూ జాడ వచ్చాయి. తర్వాత బెండకూ అదే తరహా నమోదు తెచ్చారు. మీ మడుల నమోదు సంగతి అపెడా హైదరాబాద్ కార్యాలయంలో, ఉద్యాన శాఖలో కనుక్కోండి. విడివిడిగా సర్టిఫికెట్లు తీసుకునే స్థోమత లేని చిన్న రైతులకు మంచి సాగు పద్ధతులకు ఇచ్చే అంతర్జాతీయ ధ్రువీకరణ గ్లోబల్ గ్యాప్‌లో సమూహ ధ్రువీకరణ దారి ఉంది. ఇప్పటిదాకా చెప్పిన చీటీ, పుస్తకం, విరామం సవ్యంగా నడుస్తుంటే దాని కాగితాల పని సగం అయిపోయినట్టే.

ఏడో అడుగు: సీజన్ చివర లెక్కల రోజు

కోతలు ముగిసిన పది రోజుల్లోపు అందరినీ మళ్లీ పిలవండి. రైతులు, ఫీల్డ్ ఆఫీసర్, ప్యాక్‌హౌస్ మేనేజరు, దుకాణదారు, చేను చూసిన అమ్మాయిలు. బల్ల మీద మూడు కాగితాలు పెట్టండి: చీటీల పుస్తకం, ప్రయోగశాల రిపోర్టులు, దుకాణం అమ్మకాల పద్దు. మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివితే దాగేది ఏమీ ఉండదు. చీటీలో లేని మందు రిపోర్టులో కనిపించిందా? అయితే అది పంపు ద్వారా వచ్చిందో, పక్క చేను నుంచో, ‘బయో’ సీసాలోంచో, రాత్రిపూట ఎవరైనా కొట్టారో వెతకండి. చాలాసార్లు మొదటి మూడే కారణమవుతాయి, కాబట్టి నాలుగో దానితో మొదలుపెట్టి ఎవరినీ నిలదీయకండి.

ఏ మడిలో ఎన్నిసార్లు కొట్టారో పేర్లతో సహా గోడ మీద రాయండి. తక్కువ కొట్టిన మడి దిగుబడి ఎంత వచ్చిందో దాని పక్కనే రాయండి. వచ్చే ఏడాది చేరాలా వద్దా అని ఊగిసలాడే రైతు ఉపన్యాసాలు వినడు, ఆ గోడ చదువుతాడు. విరామ నిధిలో మిగిలిన డబ్బును ఎక్కువ జాగ్రత్తగా ఉన్నవారికి బోనస్‌గా ఇవ్వడమా, వచ్చే సీజన్‌కు ఉంచడమా అన్నది అక్కడే ఓటుకు పెట్టండి.

కంపెనీని ధర గురించి అడగాల్సింది కూడా అప్పుడే. ఆ ఏడాది ఒక్క పెట్టె కూడా తిరిగి రాకపోతే వాళ్లకు మిగిలిన డబ్బు ఎంతో వాళ్లకు తెలుసు. అందులో వాటా అడగడానికి చీటీల పుస్తకం కంటే బలమైన కాగితం మీ దగ్గర లేదు. ఏడాది ఒప్పందాన్ని మూడేళ్లకు పొడిగించమనండి. వచ్చే ఏడాది కొంటారో లేదో తెలియని కంపెనీ కోసం ఎవరూ జొన్న వరసలు ముందే విత్తుకోరు.

ఆ సమావేశం ముగిసేలోపే మందుల జాబితాను తిరగరాసి, పైన కొత్త తేదీ వేసి, ప్రతులు తీయించి, రైతులందరితోపాటు దుకాణానికి, ప్యాక్‌హౌస్‌కు, పక్కన పత్తి వేసే ఆయనకు ఒక్కొక్కటి ఇచ్చి పంపండి.